కాలువ నీళ్ళు పరీక్షించే వాలంటీర్లకు: ఏ కిట్ అన్నది తర్వాత, ఏ వేళ అన్నది ముందు

ప్రశ్న: మేం విజయవాడ పక్క యనమలకుదురు దగ్గర బందరు కాలువ పక్కన అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రిటైరైన వాళ్ళు కొందరు, ఇద్దరు టీచర్లు, కొంతమంది ఇంజనీరింగ్ పిల్లలు కలిసి ప్రతి ఆదివారం కాలువ నీళ్ళు పరీక్షించి రాసిపెట్టాలనుకుంటున్నాం. ఒక టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు ఎన్నో చూపించేది) ఉంది. ఇంకా ఏ కిట్లు కొనాలి? మా రీడింగులు ఎవరైనా నమ్ముతారా?

జవాబు:

ఇంజనీరింగ్ పిల్లలున్నారన్నారు కాబట్టి కిట్ల లిస్టు ఈపాటికి ఆన్‌లైన్‌లో వెతికే ఉంటారు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. నేను కైకలూరు వైపు ఆక్వా ల్యాబులో కొన్నేళ్ళు, ఆ తర్వాత కాలేజీ ల్యాబులో నీళ్ళు పరీక్షించిన మనిషిని. ఇప్పుడు విజయవాడ, గుంటూరుల్లో మీలాంటి గ్రూపులకు నేర్పిస్తుంటాను. కిట్ లేక ఆగిపోయిన గ్రూపును నేనింతవరకు చూడలేదు. రెండు మూడు నెలలు శ్రద్ధగా రీడింగులు రాసి, "ఇప్పుడు వీటితో ఏం చేద్దాం?" అన్న దగ్గర ఆగిపోయినవి మాత్రం చాలా ఉన్నాయి.

అందుకే ముందు మీరు తేల్చుకోవాల్సింది, ఆ కాలువ గురించి మీకు ఏం తెలియాలి అన్నది. "నీళ్ళు మంచివా కావా" అంటే ఏ కిట్టూ చెప్పలేదు. దేనికి మంచివి అన్నది తేలాలి కదా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి ఎ నుంచి ఇ దాకా అయిదు తరగతులు చేసింది. స్నానానికి పనికొచ్చే బి తరగతి నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, బీఓడీ (నీటిలోని కుళ్ళు ఎంతో చెప్పే లెక్క, కింద వివరిస్తాను) 3 దాటకూడదు, మురుగు కలిసిందని చెప్పే కోలిఫారం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 దాటకూడదు. శుద్ధి చేసి తాగడానికి ఇచ్చే సి తరగతికి ఆక్సిజన్ 4 ఉన్నా చాలు, కోలిఫారం 5,000 దాకా ఒప్పుకుంటారు. చేపలకు డి తరగతి: ఆక్సిజన్ 4, ఫ్రీ అమ్మోనియా 1.2 లోపు. సాగుకు ఇ తరగతి: అక్కడ ఆక్సిజన్ ఊసే లేదు, ఉప్పు శాతం లాంటివే చూస్తారు, కండక్టివిటీ (నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) 2,250 లోపు ఉంటే సరే. అంటే మీరు తోడిన ఒకే బకెట్ నీళ్ళు వరి చేనుకు బ్రహ్మాండంగా పాసై, కాలువ మెట్ల మీద స్నానం చేసే వాళ్ళ దగ్గర ఫెయిల్ కావచ్చు.

మీ ఊరికి తగిన ప్రశ్న నేను సూచిస్తాను. "ఫలానా డ్రైను కలవక ముందు, కలిసిన తర్వాత కాలువ నీళ్ళు ఎంత మారుతున్నాయి? ఏ నెలలో ఎక్కువ మారుతున్నాయి?" ఇంతే. ఈ ప్రశ్నకు మామూలు కిట్లతోనే జవాబు వస్తుంది. పైగా కిట్ కాస్త ఎక్కువో తక్కువో చూపించినా రెండు చోట్లా ఒకేలా చూపిస్తుంది కాబట్టి తేడా మాత్రం నిలబడుతుంది. వాలంటీర్ల బలమంతా ఆ తేడాలోనే ఉంది. అసలు విలువ విషయంలో ల్యాబుతో పోటీ పడకండి. కానీ ఒకే చోట, ఒకే వేళకు, ఏడాది పొడుగునా నిలబడి చూడటం ఏ ల్యాబుకూ కుదరని పని.

చోటు ఎంచుకోవడం గురించి. బందరు కాలువ ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై కృష్ణలంక పక్కగా మీ వైపు వస్తుంది. అంటే మీ దగ్గరికి వచ్చేసరికే ఊరి మురుగు కొంత కలిసి ఉంటుంది. అందుకని ఒక పాయింటు మీ డ్రైనుకు ఎగువన, ఒకటి దిగువన పెట్టుకుని, వీలైతే మూడోది బ్యారేజీకి దగ్గరగా, ఊరు తగలక ముందు పెట్టుకోండి. దిగువ పాయింటు డ్రైను పక్కనే పెడితే మీకు దొరికేది డ్రైను నీళ్ళే. కలిసిన మురుగు చాలా దూరం అదే గట్టును పట్టుకుని పోతుంది, కాలువ అడ్డంగా ఒక్కసారిగా కలవదు. ఒక వంతెన దాటాక, నీళ్ళు బాగా కలిశాక, వంతెన మీద నుంచి కాలువ మధ్యలోకి తాడు కట్టిన బకెట్ వేసి తోడండి. మొదటి బకెట్లతో బకెట్‌నే కడిగి పారబోసి, ఆ తర్వాతి నీళ్ళు తీసుకోవాలి. అడుగు బురద తగలకూడదు, పైన తేలే నురగా రాకూడదు. లాకుల దగ్గర తలుపుల కింద సుడులు తిరిగే నీళ్ళు తీయకండి, అక్కడ గాలి కలిసి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది.

ఇదే పద్ధతి సింగ్‌నగర్ వాళ్ళు బుడమేరు మీద, ఉండవల్లి వైపు వాళ్ళు కొండవీటి వాగు మీద చేసుకోవచ్చు. కాకపోతే వాగులో నీళ్ళు కాలువలో లాగా లెక్క ప్రకారం వదిలేవి కావు, వాన పడితే గంటల్లో మారిపోతుంది.

ఇక అసలు విషయం, వేళ. ఆదివారం అన్నారు. ఏ టైముకు? టిఫిన్లయ్యాక తొమ్మిదింటికి అయితే మీ ఆక్సిజన్ రీడింగులన్నీ మిమ్మల్ని మోసం చేస్తాయి. రొయ్యల రైతును అడగండి. చెరువు మీద ఏరియేటర్లు రాత్రంతా ఎందుకు తిప్పుతాడు? తెల్లవారుజామున కరెంటు పోతే అంత టెన్షన్ ఎందుకు? పగలు ఎండలో నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవే మొక్కలు, బ్యాక్టీరియా, చేపలు అన్నీ కలిసి దాన్ని పీల్చేస్తాయి. అందుకని పొద్దు పొడిచే ముందు ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది, మధ్యాహ్నం రెండు మూడింటికి శిఖరాన ఉంటుంది. నిలకడ నీళ్ళలో, నాచు పట్టిన చోట, ఒకే రోజున తెల్లవారి 2, మధ్యాహ్నం 10 రావడం వింత కాదు. చేప చచ్చేది ఆ 2 దగ్గరే. నీళ్ళు జోరుగా పారుతున్న రోజుల్లో ఈ ఊగిసలాట తగ్గుతుంది.

ఇంకో మెలిక ఉంది. 30 డిగ్రీల నీటిలో గాలితో సమతూకంగా కరిగి ఉండగలిగే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. 20 డిగ్రీలకైతే 9 దాకా పడుతుంది. కాబట్టి మే నెలలో మధ్యాహ్నం మీకు 11 వచ్చిందంటే అబ్బో మంచి నీళ్ళు అని చప్పట్లు కొట్టకండి. నాచు ముదిరిందని, ఆ రాత్రి పడిపోయేది కూడా అంతే ఉంటుందని అర్థం. గుర్రపుడెక్క కమ్మేసిన చోట కథ వేరు. ఎండ నీళ్ళలోకి దిగదు, గాలీ సరిగ్గా తగలదు, అక్కడ పగలు కూడా ఆక్సిజన్ లేవదు. అందుకే ప్రతి రీడింగు పక్కన టైము, నీటి ఉష్ణోగ్రత, గుర్రపుడెక్క ఉందా లేదా అన్న మూడూ రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

నా సలహా: ఆదివారం పొద్దున్న ఆరింటి లోపు మూడు పాయింట్లూ పూర్తి చేయండి. వాకింగ్‌కు వెళ్ళే వాళ్ళు మీ గ్రూపులో ఎలాగూ ఉంటారు. నెలకోసారి మధ్యాహ్నం కూడా తీసి పక్కన పెట్టుకోండి, ఊగిసలాట ఎంతో తెలుస్తుంది. అలాగే నెలకోసారి ఆదివారం కాకుండా మామూలు పనిరోజున తీయండి. హోటళ్ళు, వర్క్‌షాపులు, ఆస్పత్రులు ఆదివారం నడిచే తీరు వేరు. సెప్టిక్ ట్యాంకరు ఎవరైనా వదిలితే అది ఆదివారం పొద్దున్నే వదలడు, రాత్రిపూట వదులుతాడు.

వేళ అంటే గడియారం ఒక్కటే కాదు, కాలువ క్యాలెండరు కూడా. ఖరీఫ్‌కు నీళ్ళు వదిలినప్పుడు కృష్ణ నీళ్ళు మురుగును పలచన చేస్తాయి. వేసవిలో కాలువ కట్టేశాక మిగిలేది చాలా వరకు మన ఇళ్ళ నీళ్ళే. జులై రీడింగును మే రీడింగు పక్కన పెట్టి "కాలువ బాగుపడింది" అంటే నవ్వుతారు. జులైని జులైతోనే పోల్చాలి. తొలకరి వాన మరీ ప్రత్యేకం: వేసవంతా డ్రైన్లలో పేరుకున్న చెత్త, మురికి ఒక్క వానతో వచ్చి పడుతుంది, ఆ రోజు అన్నీ ఘోరంగా ఉంటాయి. ఆ రీడింగు పారేయకండి, సగటులో కూడా కలపకండి, విడిగా రాయండి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయినప్పుడు, బుడమేరు ఊరి మీద పడినప్పుడు తీసిన ఏ రీడింగైనా వరద గురించి చెబుతుంది తప్ప మామూలు కాలువ గురించి కాదు. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో లాకుల దగ్గర లస్కరును (కాలువ చూసుకునే ఇరిగేషన్ సిబ్బంది) అడగండి. పేపర్ల కన్నా ఆయన దగ్గర కబురు ముందుంటుంది. మీరేం చేస్తున్నారో ఆయనకు మొదటే చెప్పి పెట్టుకుంటే తర్వాత అనుమానంగా చూసే పని కూడా ఉండదు.

ఇప్పుడు కిట్లు. మీ దగ్గరున్న టీడీఎస్ మీటరుతో మొదలుపెడదాం. ఆర్ఓ అమ్మేవాళ్ళ పుణ్యమా అని దాని మీద మనవాళ్ళకు లేనిపోని భయం, లేనిపోని నమ్మకం రెండూ వచ్చాయి. అది కొలిచేది నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో. దాన్ని ఒక అంకెతో హెచ్చించి టీడీఎస్ అని చూపిస్తుంది. క్రిములను అది చూడలేదు, పురుగుమందునూ చూడలేదు. అయినా కాలువ పనిలో అది ఎందుకూ పనికిరాదని నేననను. మురుగులో ఉప్పు, సబ్బు ఎక్కువ కాబట్టి ఎగువ దిగువల మధ్య అంకె ఒక్కసారిగా ఎగిరితే మధ్యలో ఏదో కలుస్తోందని క్షణంలో తెలుస్తుంది. గట్టు వెంట నడుస్తూ అక్కడక్కడా ముంచి చూస్తే కనపడని పైపు ఎక్కడుందో కూడా పట్టుకోవచ్చు. కండక్టివిటీ మోడ్ ఉంటే అందులోనే రాసుకోండి. 1413 అని రాసి ఉండే క్యాలిబ్రేషన్ ద్రావణం సీసా కొని నెలకోసారి సరిచూసుకోండి.

డబ్బు పెట్టదలిస్తే మొదట ఆక్సిజన్ మీద పెట్టండి. మంచి డీఓ (కరిగిన ఆక్సిజన్) మీటరు ఖరీదు బాగా ఎక్కువ, దాని ప్రోబ్‌ను చూసుకోవడం కూడా ఒక పని. అంతకన్నా చుక్కలు లెక్కపెట్టే కిట్ మేలు. దాని వెనక ఉన్నది వింక్లర్ పద్ధతి, 1888 నాటిది, ఇప్పటికీ ల్యాబుల్లో అదే ప్రామాణికం. మూత ఉన్న గాజు సీసాలో బుడగ లేకుండా నీళ్ళు నింపుతారు. మాంగనీస్ ద్రావణం, తర్వాత అయొడైడ్ కలిపిన క్షారం వేస్తారు. సీసాలో గోధుమరంగు తరకలు దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, రంగు ఎంత ముదిరితే అంత ఎక్కువ. తెల్లగానే ఉండిపోతే ఆక్సిజన్ లేనట్టే. ఆ తెలుపు ఒక్కసారి చూసిన పిల్లలు ఇక మర్చిపోరు. తర్వాత ఆమ్లం వేసి, స్టార్చ్ కలిపి, థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వేస్తూ నీలం రంగు పోయేదాకా లెక్కపెడతారు. ఇందులో ముఖ్యం మొదటి రెండు ద్రావణాలు కాలువ గట్టు మీదే, నీళ్ళు తోడిన వెంటనే వేయడం. మిగతాది ఇంటికి వచ్చి చేసుకోవచ్చు. సీసా అలాగే తెచ్చి ఇంట్లో మొదలుపెడితే దారిలోనే ఆక్సిజన్ మారిపోతుంది. ఆమ్లం, క్షారం రెండూ చర్మాన్ని కాలుస్తాయి. గ్లవుజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. స్కూలు పిల్లలకు ఆ సీసాలు ఇవ్వొద్దు, వాళ్ళు లెక్కపెట్టి రాస్తే చాలు.

ఈ కిట్ల కోసం ఆన్‌లైన్‌లో విదేశీవి తెప్పించుకోనక్కర్లేదు. కైకలూరు, భీమవరం వైపు ఆక్వా షాపుల్లో ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా కిట్లు దొరుకుతాయి. మంచినీటికి పనికొస్తుందా, ఉప్పునీటికేనా అని అడిగి, ఎక్స్‌పైరీ డేటు చూసి కొనండి. రంగు కార్డుతో పోల్చేటప్పుడు నీడలో నిలబడి, చలవ కళ్ళద్దాలు తీసి చూడాలి.

అమ్మోనియా కిట్ కొంటే పీహెచ్ కిట్ కూడా కొనాల్సిందే. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపను చంపే ఫ్రీ అమ్మోనియా వాటా పీహెచ్, వేడి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. 8 అయితే ఏడెనిమిది. 9కి చేరితే నలభై దాటుతుంది. నాచు ఉన్న నీళ్ళలో మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పోతుంది కాబట్టి, ఆక్సిజన్‌కు తెల్లవారుజాము ప్రమాదమైతే అమ్మోనియాకు మధ్యాహ్నం ప్రమాదం. ఈ ఒక్క సంగతి చాలామంది మర్చిపోతారు.

బీఓడీ అంటే నీటిలోని కుళ్ళును తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. ప్రపంచమంతా 20 డిగ్రీల్లో అయిదు రోజులు ఉంచి చూస్తారు. మన భారత ప్రమాణంలో 27 డిగ్రీల్లో మూడు రోజులు, మన వాతావరణానికి అదే సబబు. దీన్ని ఇంట్లో ఉజ్జాయింపుగా చేయవచ్చు. రెండు సీసాలు నింపి ఒకదాన్ని వెంటనే పరీక్షించండి. రెండోదాన్ని వెలుతురు తగలకుండా రేకు చుట్టి బీరువాలో మూడు రోజులు ఉంచి అప్పుడు పరీక్షించండి. తేడా మీ బీఓడీ. కానీ రెండో సీసాలో సున్నా వచ్చిందనుకోండి, మొదటిది 6 అయితే బీఓడీ 6 అని రాయకూడదు, "6 కన్నా ఎక్కువ" అని రాయాలి, ఎందుకంటే తినడానికి ఇంకా కుళ్ళు మిగిలే ఉంది, ఆక్సిజనే అయిపోయింది. అలాంటి నీళ్ళు పలచన చేసి మళ్ళీ చేయాలి. అది ల్యాబుకు వదిలేయండి.

బ్యాక్టీరియా సంగతి. నీళ్ళలో మలం బ్యాక్టీరియా ఉంటే నల్లగా మారే హెచ్‌టూఎస్ సీసాలు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి భలే ఉంటాయి. కాలువ నీళ్ళకు మాత్రం దండగ. ఊరి మధ్య పారే ఏ కాలువ నీళ్ళు పోసినా నల్లబడుతుంది, ఎగువా నలుపే దిగువా నలుపే, తేడా ఏం తెలుస్తుంది? అవి మీ కుళాయి, బోరు నీళ్ళకు వాడండి. అక్కడ వాటి విలువ చాలా ఎక్కువ. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం ప్రబలింది తాగునీటిలో మురుగు కలిసినందువల్లే. కాలువ పక్క ఇళ్ళలో పైపులు డ్రైన్లు దాటే చోట్ల నెలకో సీసా పెట్టడం మీ గ్రూపు చేయగల చాలా మంచి పని. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు ఫీల్డ్ కిట్లతో నేర్పించింది కూడా తాగునీటి పరీక్షే. మీ గ్రూపులో ఎవరికైనా అత్తారిల్లో పుట్టిల్లో ఆ పల్లెల్లో ఉంటే వెళ్ళి చూసి రావచ్చు. కాలువలో కోలిఫారం లెక్క కావాలంటే స్టెరైల్ సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. మూడు నెలలకోసారి చాలు.

మసక కొలవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఒక పళ్ళేన్ని నాలుగు ముక్కలుగా నలుపు తెలుపు రంగులేసి, తాడుకు కట్టి దించి, కనపడకుండా పోయే లోతు కొలవడమే. సెకీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు 1865లో మొదలుపెట్టిన పద్ధతి. పళ్ళెం అడ్డంగా 20 సెంటీమీటర్లు. వరద రోజుల్లో ఎర్రనీళ్ళు చూసి కాలుష్యం అనుకోకండి, అది ఒండ్రు.

పురుగులను చూడటం నాకు ఇష్టమైన పని, కాబట్టి కాస్త పక్షపాతంతో చెబుతున్నానేమో. నీళ్ళు తోడిన క్షణం సంగతే కిట్ చెబుతుంది. అడుగున బతికే పురుగులు గడిచిన వారాల సంగతి చెబుతాయి, ఎందుకంటే అవి ఎక్కడికీ పారిపోలేవు. సన్న వల గరిటెతో గడ్డి అంచున గెలికి, తెల్ల ట్రేలో పోసి, కాసేపు కదలకుండా చూడండి. తోక చివర రెండు మూడు దారాల్లాంటివి ఉండి పక్కలకు ఆడే మొప్పలున్న సన్న పురుగు మేఫ్లై పిల్ల. అది కనపడితే నీళ్ళకు ఇంకా ప్రాణం ఉన్నట్టే. తూనీగ పిల్లలు, నత్తలు, చిన్న రొయ్యలు నడిమి రకం. ఎర్రగా మెలికలు తిరిగే పురుగులు, అక్వేరియం చేపలకు వేసేవి, మాత్రమే గుంపులుగా ఉండి మిగతావేవీ లేకపోతే ఆక్సిజన్ చాలాకాలంగా లేదని. వాటి ఎరుపు మన రక్తంలో లాంటి హిమోగ్లోబిన్ వల్లే, కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడా అది పట్టుకుంటుంది. ఇంటర్నెట్లో దొరికే అమెరికా చార్టులు పట్టుకుని స్టోన్‌ఫ్లై కోసం వెతక్కండి. అది చల్లగా ఉరికే కొండ వాగుల పురుగు. మన బురద అడుగు కాలువలో అది లేకపోవడం కాలుష్యానికి గుర్తు కాదు. కాలువ కట్టేసి మళ్ళీ వదిలిన కొత్తలో ఏ పురుగులూ ఉండవు, కనీసం నెలన్నర ఆగి చూడండి.

నమ్ముతారా అన్నది మీ రెండో ప్రశ్న. నమ్మించే తీరులో చేస్తే నమ్ముతారు. ప్రతిసారీ ఒక పాయింటు దగ్గర రెండు సీసాలు తీసి, ఇద్దరు వేర్వేరుగా, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా చదవండి. రెండూ ఎంత దగ్గరగా వస్తున్నాయో అదే మీ గ్రూపు నిజాయితీకి సాక్ష్యం. మూడు నెలలకోసారి ఒకే బకెట్ నీళ్ళు సగం మీరు, సగం ఏదైనా ల్యాబు పరీక్షించి పోల్చుకోండి. నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్ర విభాగం ఉంది, ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ డిపార్ట్‌మెంట్లలో కూడా ఎన్విరాన్‌మెంట్ ల్యాబులుంటాయి. ప్రాజెక్టు కావాల్సిన విద్యార్థులను పట్టుకుంటే పని తేలిక. వింతగా వచ్చిన అంకెను కొట్టేయకండి, దిద్దకండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఎవరు తీశారో రాయండి. ఎక్సెల్ షీటు తర్వాత, ముందు గట్టు మీద పెన్సిలుతో పుస్తకం. పెన్ను రాత తడిస్తే పోతుంది.

అయితే ఒక హద్దు తెలిసి ఉండాలి. 1974 నీటి కాలుష్య చట్టం ప్రకారం ఒక సంస్థ వదిలే నీటి మీద కోర్టులో నిలబడే నమూనాను కాలుష్య నియంత్రణ మండలి (బోర్డు) అధికారే తీయాలి. ఆ సంస్థకు నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలతో ల్యాబుకు పంపాలి. మీ రీడింగు అలా కోర్టు సాక్ష్యం కాదు. బోర్డు వాళ్ళను సరైన చోటికి, సరైన వేళకు రప్పించడానికి పనికొచ్చే కాగితం అది. "కాలువ కంపు కొడుతోంది" అన్న అర్జీ కట్టల్లో కలిసిపోతుంది. "ఫలానా వంతెన దగ్గర వరసగా ఎనిమిది ఆదివారాలు తెల్లవారి ఆక్సిజన్ 2 లోపు, దానికి ఎగువన 5 పైన, మధ్యలో ఉన్నది ఈ ఒక్క డ్రైనే" అని ఒక పేజీ, ఒక గ్రాఫు, ఫోటోలు పెడితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కూడా కూర్చుని చదువుతాడు. కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్ర కార్యాలయం విజయవాడలోనే ఉంది, అది మనకు సౌకర్యం. డ్రైను మునిసిపాలిటీది, కాలువ ఇరిగేషన్‌ది, నీటి నాణ్యత బోర్డుది. కాబట్టి ఒకే కాగితం ముగ్గురికీ ఇచ్చి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక కాపీ పెట్టి రసీదు తీసుకోండి. లేకపోతే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. బోర్డు కృష్ణ మీద తీసే నమూనాల లెక్కలు సమాచార హక్కు కింద అడిగి మీ లెక్కల పక్కన పెట్టుకోవచ్చు.

వినాయక నిమజ్జనాల సమయం మీకు మంచి అవకాశం. నిమజ్జనానికి ముందు, జరుగుతుండగా, తర్వాత మూడు దశల్లో నీళ్ళు పరీక్షించాలని కేంద్ర మండలి మార్గదర్శకాల్లోనే ఉంది. మీరూ అదే మూడు దశలు పాటిస్తే మీ లెక్క వాళ్ళ లెక్క పక్కన నిలబెట్టి చూడొచ్చు. ఎవరి మనోభావాలూ నొప్పించకుండా అంకెలు మాత్రం చెప్పండి.

జాగ్రత్తల గురించి క్లుప్తంగా. ఒంటరిగా వెళ్ళొద్దు. కాలువలోకి దిగొద్దు, పాచి మెట్ల మీద అసలే వద్దు. బ్యారేజీ గేట్లు ఎత్తే రోజుల్లో నది ఒడ్డు పాయింట్లు మానేయండి. చేతికి కోత ఉంటే గ్లవుజులు లేకుండా నీళ్ళు ముట్టుకోవద్దు, మురుగు నీళ్ళతో ఎలుక జ్వరం వస్తుంది. వాడిన రసాయనాలు తిరిగి కాలువలో పోయకండి, డబ్బాలో పట్టి కాలేజీ ల్యాబుకు ఇవ్వండి.

చివరగా, మీరు అడగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది: ఒక పొద్దున్న చేపలు చచ్చి తేలడం. అప్పుడు ఫోటోలు, వాట్సాప్ గ్రూపులు తర్వాత. ముందు ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత తీయండి, ఎందుకంటే ఎండ ఎక్కితే ఆక్సిజన్ మళ్ళీ లేచి కారణం మాయమైపోతుంది. శుభ్రమైన సీసాల్లో నీళ్ళు నిండుగా పట్టి ఐస్‌లో పెట్టండి. తర్వాత ఏవి చచ్చాయో చూడండి. పెద్ద చేపలు ముందు పోయి, చిన్నవి నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటే ఆక్సిజన్ అయిపోయిందని అనుమానించాలి. చిన్నా పెద్దా ఒకేసారి పోతే విషం ఏదో కలిసిందని. అన్నిటికన్నా మంచి గుర్తు కొరమీను. అది పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలదు, ఆక్సిజన్ లేని నీళ్ళలోనూ నిలదొక్కుకుంటుంది. కొరమీను కూడా తేలిందంటే ఆక్సిజన్ లెక్కలు పక్కన పెట్టి, వెంటనే బోర్డు వాళ్ళకూ మత్స్యశాఖకూ ఫోన్ చేసి, ఎగువకు గట్టు వెంట టీడీఎస్ మీటరు, పీహెచ్ కిట్ పట్టుకుని నడవండి. ఆ లోపు పశువులను ఆ నీళ్ళు తాగనివ్వొద్దని, చచ్చిన చేపలు ఎవరూ ఏరుకెళ్ళొద్దని గట్టు మీద వాళ్ళకు చెప్పండి.